వేయని నాలుగో బోరు

మా ఆయన గనిలో నీళ్ళ పంపు మనిషి. బంగారు గనిలో పనిచేశాడంటే చాలు, అందరూ బంగారం తవ్వాడనే అనుకుంటారు. ఆయన తవ్విందీ లేదు, తెచ్చిందీ లేదు. రాతిలోంచి ఊరే నీళ్ళను పైకి తోయించడమే ఆయన ఉద్యోగం. గని లోపల ఒక్కో అంతస్తునూ లెవెల్ అంటారు. పై లెవెళ్ళలో గోడలు చెమరుస్తాయట, కప్పు నుంచి బొట్లు బొట్లుగా కారుతుందట. ఆ నీళ్ళన్నీ సన్న కాలవల్లో పారి సంపు అనే పెద్ద తొట్టిలో పడతాయి. ఆ తొట్టి పక్కన పంపు, పంపు పక్కన మా ఆయన. "నేను ఒక్క షిఫ్టు కన్ను మూస్తే కింద పనిచేసేవాళ్ళు ఈత నేర్చుకోవాల" అని గొప్పగా చెప్పేవాడు. ఇంటికి వచ్చేసరికి ఆయన వేళ్ళు పొద్దంతా బట్టలు ఉతికినట్టు ముడతలు పడి ఉండేవి.

పైన గనివాళ్ళకు వరసగా కట్టిచ్చిన మా లైను ఇళ్ళలో మాత్రం కొళాయి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. కాళ్ళ కింద రాత్రింబవళ్ళు నీళ్ళు ఎత్తి పారబోస్తుంటే, పైన మేము బిందెలతో వరసలో నిలబడి కొట్లాడుకునేవాళ్ళం. ఒకసారి ఆయన్ని అడిగాను.

"అన్ని నీళ్ళు పారబోస్తాండారు కదా, మన లైనుకి ఒక పైపు వేస్తే ఏం పోతాది?"

"ఆ నీళ్ళు తాగితే నీ పండ్లు రాలిపోతాయే. ఊరికే ఉండు" అన్నాడు.

ఊరికే ఉన్నాను. కొళాయి ఎన్ని గంటలకు వస్తుందన్నదే మాకు కావలసింది. ఆ నీళ్ళు యాడ నుంచి వస్తాయో, ఇంకెన్నాళ్ళు వస్తాయో ఎవరూ అడగలేదు.

గనులు మూసేశారు. పంపులు ఆపేశారు. ఆ రోజు మా ఆయన అన్నం ముందర కూచుని చాలాసేపు కలపకుండా అట్లే ఉన్నాడు. "ఇంగ నింపుకుంటాది. కింద సముద్రం అయిపోతాది" అన్నాడు. ఆ మాట ఆయన మనసులో అట్లే నిలిచిపోయింది. భూమి లోపలికి పోయేకొద్దీ నీళ్ళేనని, పైన ఉన్న మనకే అందడం లేదని ఆయన నమ్మకం. లోపల ఏముందో కళ్ళారా చూసిన మనిషి చెబితే కాదనడానికి మేమెవరం?

కొన్నాళ్ళకు మా అత్తగారి ఊరికి వచ్చేశాం. లక్కూరు పక్కన చిన్న పల్లె. రెండెకరాల చేను, అందులో కొంత రాగి, కొంత మల్బరీ, గట్టున నాలుగు మామిడి చెట్లు. చేనులో ఒక పాత బావి ఉంది కానీ, మేము వచ్చేటప్పటికే అది ఎండి అడుగున సర్కారు తుమ్మ మొలిచింది. నేను కొత్త కోడలుగా ఉన్నప్పుడు అదే బావిలో మెట్లు దిగి ముంచుకున్నదాన్ని.

మా ఆయన మొదటి బోరు వేయించాడు. నీళ్ళు పడ్డాయి. నాలుగు ఎండాకాలాలు నడిచి, ఐదోసారి మోటరు వేస్తే గాలి వచ్చింది. రెండోది ఇంకా లోతుగా వేయించాడు. బూడిద లాంటి దుమ్ము ఎగిరి మా అందరి తలలూ తెల్లబడ్డాయి గానీ చుక్క పడలేదు. మూడోది వెయ్యి అడుగులు దాటింది. ఒక అరగంట బురద వచ్చింది, మేము కొబ్బరికాయ కొట్టాం, ఆ తర్వాత మళ్ళీ దుమ్ము. మా పక్క అందరూ అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ళు చూసేవాళ్ళను పిలుస్తారు. మా ఆయన ఎవరినీ పిలవడు. కాలితో నేల మీద తట్టి, "ఈడ వేయప్పా, నేను లోపల చూసినోణ్ణి" అంటాడు. ఊళ్ళో నలుగురైదుగురు ఆయన మాట నమ్మి వాళ్ళ చేలల్లో కూడా లోతుగా వేయించుకున్నారు.

మూడోది పోయాక మూడు నెలలు బోరు మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఒక పొద్దున రాగి సంగటి తింటూ, "నాలుగోది వేయిస్తాను. ఈసారి ఇంగా కిందికి" అన్నాడు. బోరు లారీకి చెప్పేశాడట, శుక్రవారం వస్తుందట. అందుకోసం గురువారం రెండు ఆవులనూ అమ్మేస్తాడట.

ఆ రెండు ఆవులే మా ఇల్లు. పట్టు పురుగులు ఒక పంట గూడు కడితే ఇంకో పంటకు జబ్బు పడి చస్తాయి. రాగి వాన మీద ఆధారం. రెండు పూటలా తప్పకుండా ఇచ్చేది ఆవులే. వాటిలో నల్లది పుట్టిన మూడో రోజే తల్లిని పోగొట్టుకుంటే, నేను పాలల్లో వేలు ముంచి చీకించి పెంచాను. కొనేవాడు వచ్చి పళ్ళు చూసుకుని, పొదుగు పట్టి చూసి పోయాడు. నేను గొడ్ల కొట్టంలో ఏడ్చాను. ఆయనతో పోట్లాడాను కూడా. "నీకేం తెలుసే లోపలి సంగతి" అన్నాడు. నాకు తెలియదన్నది నిజమే.

సరిగ్గా ఆ వారమే మా ఊరికి ప్లాను రాసేవాళ్ళు వచ్చారు.

దేశమంతా నీళ్ళు అడుగంటిపోతున్నాయని, ఊరూరా కూచుని ఎన్ని నీళ్ళు వస్తున్నాయి, ఎన్ని తోడుతున్నాం, ఇరవై ఏళ్ళ తర్వాత ఏమవుతుందని రాసుకోవాలని పెద్ద ప్లాను అట. అందులో మా ఊరి ముక్క మేమే రాయాలట. కోలారు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో లావు పుస్తకం, భుజాన టేపు. ముందురోజే మగవాళ్ళంతా కూడబలుక్కున్నారు. "ఇంటికి ఒక్క బోరే అని చెప్పాల. లెక్క తెలిసిందంటే కరెంటు పీకేస్తారు" అని కట్టుబాటు. మా ఆయన నాకూ చెప్పాడు. తల ఊపాను.

ఆ అమ్మాయి మగవాళ్ళ దగ్గరికి పోకుండా ఆడవాళ్ళను పిలిచింది. స్కూలు ముందర నేల ఊడిపించి, "ఊరిని ముగ్గులో వేయండక్కా" అంది. ముగ్గంటే మాకు భయమేముంది? వీధులు గీశాం, చెరువు గీశాం, నీలగిరి తోపులు గీశాం. "నీళ్ళుండే బావికీ బోరుకీ తెల్ల చుక్క. చచ్చిన దానికి ఎర్ర చుక్క" అంది. ఎరుపుకు మాలూరు ఇటుకల బట్టీ నుంచి మా తోడికోడలు తెచ్చి పెట్టుకున్న ఇటుక పొడి ఉంది.

"ఇరవై ఏండ్లకా రాస్తాండావు?" మా అత్త నోట్లో ఆకువక్క బుగ్గకు తోసి అడిగింది. "అప్పటికి నేను యాడుంటానమ్మీ?"

"నువ్వు లేకపోయినా నీ మునిమనవళ్ళు ఉంటారు కదవ్వా. వాళ్ళకీ దప్పిక అవుతాది."

"అదీ నిజమే. రాసుకో అయితే."

ఏ బావి ఎంత లోతు, ఎప్పుడు ఎండింది అని అడిగితే చదువుకున్న కోడళ్ళు బిత్తరపోయి చూశారు. అవి మాకు తెలుసు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని నేను, కానీ ఏ బావిలో ఏ మెట్టు దాకా దిగానో నా కాళ్ళు మరిచిపోలేదు. మా అత్త బారల్లో చెప్పింది; రెండు చేతులూ బారచాపితే ఎంతో అంత ఒక బార. "మా బావి నిండుగా ఉంటే మూడు బారల తాడు. నేను ముసలిదాన్ని అయ్యేటప్పటికి పదకొండు."

ఆ అమ్మాయి పెన్ను ఆపి, "ఎవరి బారలవ్వా?" అంది. "నీవా, నీ కోడలివా?"

"నావే. దీనివి బారలా? పిడికెళ్ళు."

అమ్మాయి టేపు తీసి మా అత్తను చేతులు చాచమంది. ముసలామె బడి ముందర దిష్టిబొమ్మలాగా నిలబడి, "రవిక కుట్టిస్తావా అమ్మీ? చేతులు పొడుగు పెట్టు" అనేసరికి అందరం నేల మీద కూలబడి నవ్వాం.

బోర్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ఒక్కొక్కరూ ఇంటికి ఒక తెల్ల చుక్క పెట్టి తప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. ముగ్గు గిన్నె ఒక చేతిలో, ఇటుక పొడి ఇంకో చేతిలో. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది కట్టుబాటు కాదు, గురువారం. ఈ మూడూ నలుగురి ముందరా ఎర్రగా కనబడితే, నాలుగోదానికి ఆయనకే సిగ్గేస్తుందేమో అనుకున్నాను. మా చేను ఉన్నచోట మూడు ఎర్ర చుక్కలు పెట్టాను.

మా తోడికోడలు నా ముఖం చూసింది. తర్వాత వంగి తన చేనులో రెండు పెట్టింది. ఇక ఆగలేదు. "నా రెండో కానుపప్పుడు వేసింది ఒకటి." "లారీ చక్రం కూరుకుపోయి రెండు రోజులు మా ఇంట్లోనే తిన్నారు చూడు, అదొకటి." మధ్యాహ్నానికి మా ఊరు కోలారు మార్కెట్లో టమేటాలు పోసినట్టు ఎర్రగా అయిపోయింది. తెల్ల చుక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అన్నాలు తిని మగవాళ్ళు వచ్చారు. చూశారు. ఒకాయన చెప్పు కాలితో తన చేను తుడిచేశాడు. ఇంకొకాయనా అంతే. మా ఆయన వచ్చి కాలి బొటనవేలితో నా మూడు చుక్కలూ చెరిపేశాడు.

"ఏమే, నీకు చెప్పింది ఏమి, నువ్వు చేసింది ఏమి?"

"నువ్వు తుడుచు. నేను మళ్ళా పెడతాను. ఇటుక పొడి శానా ఉండాది" అన్నాను.

"ఒరేయ్, మూడూ నా కండ్ల ముందర వేయించినావు" అంది మా అత్త. "చుక్క తుడిస్తే తూటు పూడతాదా?"

ఆ అమ్మాయి ముందుకు వచ్చింది. "అప్పా, ఎర్ర చుక్కకి కరెంటు తీసేది లేదు. అవే మాకు కావాల. వాన నీళ్ళు వడగట్టి ఆ బోర్లలోకి దింపుతాం. భూమికి మళ్ళా తాపిస్తాం" అంది.

మగవాళ్ళంతా గొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆయనే. "ముప్పై ఏండ్లు కిందుండే నీళ్ళు పైకి తోసినాను తల్లీ. ఇప్పుడు పై నీళ్ళు కిందికి పొయ్యాలా? కింద సముద్రమే ఉండాది. ఇంగా కొంచెం దిగితే చాలు."

"మీరు గనిలో పంపు చూసినారా?" ఆ అమ్మాయి నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అయితే చెప్పండప్పా. ఏ లెవెల్లో నీళ్ళు ఎక్కువ ఊరేవి?"

అడిగినవాళ్ళు లేక ఎన్నాళ్ళైందో, మా ఆయన ఛాతీ విప్పి చెప్పాడు. "పై లెవెళ్ళలో. వానలు బాగా కురిసిన ఏడు ఇంగో పంపు కూడా వేసేవాళ్ళం. కురిసినాక కొన్ని వారాలకి దిగేవి నీళ్ళు. కరువు ఏడు సంపు సగం కూడా నిండేది కాదు."

"అట్టడుగు లెవెల్లోనో?"

"అట్టడుగున ఏముండాది? ఉడుకు, దుమ్ము. ఆడ పనిచేసేవాళ్ళకి దుమ్ముకే కదా ఛాతీ జబ్బులు వచ్చింది. రాయి కణకణమని పొడిగా..."

ఆగిపోయాడు. నోరు కొంచెం తెరిచే ఉంది. ఆయన మాట విని లోతుగా వేయించి డబ్బు పోగొట్టుకున్న ఒకాయన మెల్లగా అన్నాడు.

"అన్నా, ఆ సంగతి తెలిసే మా చేత వెయ్యి అడుగులు వేయించినావా?"

ఈసారి నవ్వింది ఊరంతా. మా ఆయన ముఖం చూసి నాకు నవ్వు రాలేదు. అన్నేళ్ళు ఆ తడిలోనే కూచున్న మనిషి. తన సంపులోకి నీళ్ళు పైనుంచి వస్తున్నాయన్న సంగతి ఆయనకు ఎప్పుడో తెలుసు. తెలిసిందాన్ని తన చేను దాకా తెచ్చుకోలేదు, అంతే. ఆయన వంగి, తను చెరిపిన చుక్కల దగ్గర ఇటుక పొడి చిటికెడు తీసుకుని, మూడూ తనే మళ్ళీ పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం ఆవులు కొనేవాడు తాడు పట్టుకుని వచ్చాడు. నేను కొట్టం గుంజకు ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన చాలాసేపు పేడ తట్ట సర్దుతూ, "ఒక వాన చూస్తానప్పా. వానాకాలం అయినాక రా" అన్నాడు. లారీవాళ్ళకూ అదే మాట చెప్పి పంపాడు. పూర్తిగా వద్దనలేదు. వానాకాలం దాటేదాకా ఆవులు నావి, ఆ తర్వాత ఏమో. అయినా ఆ పూట పాలు పిండుతుంటే నా చేతులు తేలికగా ఆడాయి.

ఆ అమ్మాయి చెప్పినట్టే మూడో బోరు చుట్టూ గుంత తవ్వారు. పని మొదలుపెట్టాక మా ఆయన ఎవరి మాటా వినలేదు. అడుగున గుండ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక. బోరులో దించిన కేసింగు పైపుకు తూట్లు పొడిచి, చుట్టడానికి గుడ్డ అడిగితే నా నైలాను చీర ఇచ్చాను. మొదటి వాన సాయంత్రం నాలుగింటికి దంచింది. ఆయన గోనెసంచి తల మీద కప్పుకుని గుంత పక్కన నిలబడ్డాడు. నీళ్ళు వచ్చాయి, గుంత నిండింది, నిండి అట్లే నిలబడింది. ఎర్రటి టీ నీళ్ళలాగా. మరునాడు పొద్దునా అట్లే ఉంది. దిగలేదు.

ఆయన గుంతలోకి దిగి పైపు తడిమి చూశాడు. చీర నిండా మెత్తటి బంకమన్ను. పైకి వచ్చి, చేతులు కడుక్కోకుండానే నవ్వాడు. "గనిలో బురద నీళ్ళు నేరుగా పంపుకి పోనిస్తామా? ముందర చిన్న సంపు, ఆడ మన్ను కూచోవాల, తేట మాత్రం పెద్ద సంపుకి పోవాల. ఇది మరిచినాను చూడు, ముప్పై ఏండ్ల నౌకరీ!" వారం రోజుల్లో గుంతకు ముందర ఇంకో చిన్న గుంత తవ్వాడు. చీర విప్పి సన్న జల్లెడ వల చుట్టాడు. రెండో వానకు చిన్న గుంతలో మన్ను ఆగింది, పెద్ద గుంతలోకి తేట పారింది. పైపులో గుడగుడమని చప్పుడు. ఆయన వంగి చెవి పెట్టి వింటూ, "దిగుతాండాది, దిగుతాండాది" అని నన్ను చెయ్యి ఊపి పిలిచాడు. వానలో తడుస్తూ ఇద్దరం చంటిబిడ్డ కడుపు శబ్దం విన్నట్టు విన్నాం.

దాంతోనే అంతా అయిపోలేదు. ఊళ్ళో ఆరేడు ఇళ్ళవాళ్ళు వాళ్ళ బోర్లకూ గుంతలు చేయించుకున్నారు. చెరువు పూడిక తీసి ఆ మట్టి చేలకు తోలుకున్నారు. నీళ్ళు పీల్చేసే నీలగిరి తోపు ఒకటి కొట్టేశారు, ఇంకొకటి అట్లే ఉంది. టమేటాలకు కాలవ కట్టి పారించడం మానేసి సన్న పైపులతో చుక్కచుక్కగా పెడుతున్నారు కొందరు. కొందరు ఇప్పటికీ దొంగతనంగా బోర్లు వేస్తున్నారు. ఆ అమ్మాయి నాకొక పని అప్పజెప్పింది. నెల మొదట్లో మా పాత బావిలో తాడు వదిలి ఎన్ని బారలో చూసి చెప్పాలి. బార కొలత మా అత్తదే, టేపు ప్రకారం తాడుకు ముడులు వేసి ఇచ్చింది. మొదటి నెలల్లో నేను చెప్పిన మాట ఒక్కటే: "పొడి."

వానలు సగం అయ్యాక ఒక పొద్దున తాడు చివర రాయి పైకి లాగితే తడిగా ఉంది. చేతితో ముట్టుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బావి వాసన. ఎన్నేళ్ళకో. ఇంటికి పరుగెత్తి మా అత్త అరచేతిలో ఆ రాయి పెట్టాను. ఆమె రాయిని బుగ్గకు ఆనించుకుంది. ఆ నెలాఖరుకు మొదటి బోరు మోటరు వేస్తే, దగ్గి దగ్గి, పావుగంట నీళ్ళు పోసింది. వానాకాలం చివర గంటకు పైగా. మల్బరీకి, ఆవుల కుడితికి, మా ఇంటికి చాలు. ఎండాకాలం అంతా వస్తాయని కాదు. చైత్రం వచ్చేసరికి మళ్ళీ తగ్గాయి. కానీ ఎన్ని ఉన్నాయో, ఎన్నాళ్ళు వస్తాయో ముందే తెలుసు కాబట్టి వరస పెట్టుకుని వాడాం. తెలియకపోవడంలో ఉన్న భయం పోయింది.

అంతకుముందే, వానలు ఆగిన వారానికే, బోరు లారీ వచ్చింది. రమ్మన్నప్పుడు రాకుండా, వద్దనేలోపే వచ్చేవాళ్ళు వాళ్ళు. పొడుగాటి లారీ మా సందులో ఇటు గోడ, అటు గోడ తగిలేట్టు దూరి, మా కొట్టం ముందర ఆగింది. మా ఆయన లోపలి నుంచి తువ్వాలు దులుపుకుంటూ బయటికి పోయాడు. ఆయన ఏమంటాడో అప్పటికీ నాకు తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తనే లేదు.

డ్రైవరు కిందికి దిగి, "యాడప్పా పాయింటు? చూపించు" అన్నాడు.

"పాయింటు లేదప్పా."

"లేదంటే? అంత దూరం నుంచి వచ్చినామే!"

"వచ్చినందుకు మజ్జిగ తాగి పోండి. అడుగున ఏమీ లేదు. నేను చూసినోణ్ణి" అన్నాడు మా ఆయన.

డ్రైవరు నా వైపు చూశాడు. నేను అప్పటికే చెంబు తేవడానికి లోపలికి తిరిగాను, ఎందుకంటే నా కళ్ళు నిండిపోయాయి. డ్రైవరుకీ క్లీనరుకీ చెరొక చెంబు మజ్జిగ ఇచ్చాను. తాగేసి ఎక్కారు. అప్పుడు తెలిసింది, ఆ సందులో లారీ తిరగదు. వచ్చిందంతా వెనక్కే పోవాలి. మా ఆయన లారీ వెనక నడుస్తూ, తువ్వాలు ఊపుతూ, "రానీ, రానీ... కొంచెం ఎడమ... నిదానం, ఆ గోడ మా తమ్ముడిది... రానీ" అని కేకలు వేస్తూ పోయాడు. ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. కొట్టంలోంచి నల్లావు తల బయట పెట్టి, నెమరు వేస్తూ, అదంతా తన పనే అయినట్టు చూసింది.

"వాడు ఏమైనా మరిచిపోయి మళ్ళా వస్తాడేమో, కొంచెం దూరం దాకా పోయి రారా" అని మా అత్త అరుగు మీద నుంచి కొడుక్కి కేక వేసింది. నేను కొట్టం గడప మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, పక్కటెముకలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఆయన రోడ్డు దాకా లారీని సాగనంపి, చెమట తుడుచుకుంటూ తిరిగి వచ్చి, "ఏమే, నవ్వుతాండావు? పాలు పిండే వేళ కాలేదా?" అన్నాడు.